రోజూ ఆపుతున్నా 11 రోజులట!

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు ఇంట్లో నల్ల తెర తెరిచి ఏవేవో కొడుతున్నారని, కంప్యూటర్ పాడవుతుందేమోనని మీలో కొందరు అడిగారు. ఏమీ పాడవదు. అది మేమిచ్చిన హోంవర్కే. కంప్యూటర్ ఎప్పటి నుంచి ఆన్‌లో ఉందో దాన్నే అడిగి రాసుకు రమ్మన్నాం. అడగడమే తప్ప అందులో దేన్నీ మార్చేది లేదు.

పర్లాకిమిడిలో వానాకాలం కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ల్యాబ్‌లో లినక్స్ (విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే మరో సాఫ్ట్‌వేర్) ఉన్న సిస్టం మీద ‘అప్‌టైమ్’ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, హైఫన్, చిన్న ఎస్ కొడితే అది ఏ తేదీన, ఎన్ని గంటలకు లేచిందో సెకన్లతో సహా చెబుతుంది. ముందురోజు కరెంటు వచ్చిన వేళతో అది సరిపోయిందా లేదా అని పిల్లలు వాదులాడుకున్నారు. ఇలాంటి తగువులైతే నాకు ఇష్టమే.

అసలు చిక్కు విండోస్ దగ్గర వచ్చింది. అందులో ఆదేశాలు కొట్టే తెర పేరు పవర్‌షెల్. దానిలో పిల్లలు రాసిన స్క్రిప్టు, అంటే వరుసగా పేర్చిన ఆదేశాలు, చేసేది ఉత్త తీసివేత: ఇప్పటి సమయంలోంచి చివరిసారి బూట్ అయిన (మొదటి నుంచి లేచిన) సమయాన్ని తీసేస్తుంది. రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే సిస్టానికి 11 రోజులని వచ్చింది. స్క్రిప్టే తప్పన్నారు పిల్లలు. కాదు. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ ఉన్నదున్నట్టు డిస్కులోకి వెళ్లి పడుకుంటుంది. మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అందుకని లెక్క పాతదే సాగుతుంది, రాత్రి ఆగి ఉన్న గంటలు కూడా అందులో కలిసిపోతాయి. ఒక అమ్మాయి రీస్టార్ట్ కొట్టి స్క్రిప్టు మళ్లీ నడిపితే రోజులు 0, గంటలు 0, నిమిషాలు 2 అని వచ్చింది.

కాబట్టి ఇంట్లోనో దుకాణంలోనో కంప్యూటర్ మొరాయిస్తుంటే, మెకానిక్‌కు ఫోన్ చేసేముందు ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి. ఆపి మళ్లీ వేస్తే సరిపోదు. స్క్రిప్టు రాకపోయినా పర్వాలేదు, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో సీపీయూ నొక్కితే కింద ‘అప్ టైమ్’ కనిపిస్తుంది.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో ఉన్నాం కాబట్టి, పిల్లలు తమ స్క్రిప్టులో ఒక్కో వరుసకూ పక్కనే వాడుక తెలుగులో వివరణ రాస్తున్నారు. ఆ సాయంత్రం ల్యాబ్‌కు వచ్చి చూడండి. కరెంటు లేకపోతే బోర్డు మీద రాసి చూపిస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు