బడి గోడ పక్క సిగరెట్ కొట్టు గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అబ్బాయి చదివే హైస్కూలు గోడను ఆనుకుని ఉన్న బడ్డీ కొట్టులో సిగరెట్ల అమ్మకం ఆపించమని తల్లిదండ్రులం కొందరం కలిసి అర్జీ పెట్టుకున్నాం. "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రం కూడా అక్కడ సిగరెట్లు అమ్ముతూనే ఉన్నారు. ఏం పరిష్కరించారని అడగబోతే మున్సిపాలిటీకి వెళ్ళమన్నారు. అక్కడ అది పోలీసుల పని అన్నారు. పోలీసులు రాసిమ్మంటే రాసిచ్చాం. ఇక మీరు తప్ప అడగడానికి మాకెవరూ మిగల్లేదు.

బడికి వంద గజాల లోపు సిగరెట్లు, పొగాకు అమ్మకూడదన్న నిబంధన గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మా బడి దగ్గర రోడ్డు మీద ఆ హద్దు చూపిస్తూ పసుపు గీత గీశారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. వానలకి ఆ గీత చెరిగిపోయింది. గీత ఉన్నన్నాళ్ళూ కొట్టు దాని లోపలే ఉంది. ఒకసారెవరో వచ్చి 200 రూపాయలు జరిమానా రాశారట. ఆ డబ్బు గంటలో తిరిగి వచ్చేస్తుంది సార్.

ఆ కొట్టులో పిల్లలెవరూ ప్యాకెట్ కొనరు. విడిగా ఒక్కటి కొంటారు. పది, ఇరవై రూపాయలు చాలు, అంటే మేం ఇంటర్వెల్‌లో ఏదైనా తినమని ఇచ్చే డబ్బే. చాక్లెట్ సీసాల పక్కనే సిగరెట్లు, తాడుకు వేలాడే లైటర్, వాసన పోవడానికి మింటు బిళ్ళ, అన్నీ ఒకే చోట దొరుకుతాయి. వయసెంతని అడిగేవాళ్ళు లేరు. ప్యాకెట్ మీద 85 శాతం మేర క్యాన్సర్ బొమ్మ వేయించారు, మానేయాలనుకునేవాళ్ళకి ఫోన్ నంబరూ వేయించారు. విడిగా కొన్న పిల్లాడికి ఆ బొమ్మా కనపడదు, ఆ నంబరూ కనపడదు. కర్ణాటక, మహారాష్ట్ర విడి సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించి ఏళ్ళయింది. మన దగ్గర ఎందుకు అంత కచ్చితంగా ఉండలేకపోతున్నామో దయచేసి చెప్పండి.

పిల్లలు చెడిపోవడానికి ఇళ్ళే కారణమని మీటింగుల్లో మమ్మల్ని అంటుంటారు. కాదనను. తండ్రి తాగే ఇంట్లో పిల్లాడికి ఆ వాసన కొత్త కాదు. సిగరెట్ తెమ్మని ఏడెనిమిదేళ్ళ కొడుకునే కొట్టుకు పంపే తండ్రులు మా వీధిలోనే ఉన్నారు. ఆ మాట వాళ్ళ ముఖం మీదే చెబుతున్నాం. స్నేహితుల బలవంతం ఉంది, సినిమాల ప్రభావం ఉంది, హాస్టల్లో పెట్టి తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదివిస్తే వచ్చే టెన్షన్ ఉంది. వీటిలో చాలావరకు మీ ఒక్కరి చేతిలో లేవని మాకూ తెలుసు. కానీ ఇన్ని బలహీనతలున్న పిల్లాడికి గేటు దాటగానే సిగరెట్ అందకుండా చూడడం మీ చేతిలోనే ఉంది. 2019లో కేంద్రం చేయించిన సర్వేలో 13 నుంచి 15 ఏళ్ళ విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. సిగరెట్ తాగేవాళ్ళలో 38 శాతం మంది పదేళ్ళు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్ళంటే ఐదో తరగతి సార్!

ఇప్పుడు వేప్‌లు, అంటే బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్లు కూడా వచ్చాయి. 2019లోనే నిషేధించారు కదా అని మేం ధైర్యంగా ఉన్నాం. మా బంధువుల అబ్బాయి బ్యాగులో దొరికితే వాళ్ళమ్మ పెన్‌డ్రైవ్ అనుకుని మళ్ళీ జాగ్రత్తగా బ్యాగులోనే పెట్టింది. మామిడిపండు వాసన, పొగ కంపు లేదు, బట్టలకి అంటదు. ఆమెకి ఎలా తెలుస్తుంది? ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెడితే ఇంటికే పంపించారట. అమ్మినవాడికి మొదటి తప్పుకే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో వేయొచ్చని చట్టం ఉంది. వాడెవడో ఎవరూ వెతకలేదు. కాలేజీ వాళ్ళు మాత్రం అబ్బాయికి టీసీ ఇచ్చి పంపేశారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పిల్లలకి పొగాకు ఇచ్చినవాళ్ళకి ఏడేళ్ళ దాకా శిక్ష వేయొచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. కానీ దొరికిన ప్రతిసారీ శిక్ష పడేది పిల్లాడికే. చదువు ఆగిపోయిన పదహారేళ్ళ పిల్లాడు రోజంతా ఎక్కడ కూర్చుంటాడు? ఆ కొట్టు దగ్గరే కదా. నికోటిన్ అలవాటు ఆ వయసులో పట్టుకుంటే వదలడం ఎంత కష్టమో మీ శాఖ డాక్టర్లే చెబుతారు. ఆ పిల్లాడికి కావలసింది కౌన్సెలర్, టీసీ కాదు.

కొట్టాయన మీద మాకు కోపం లేదు. ఆయనా బతకాలి. వంద గజాల అవతల చోటు చూపించండి, లేదా ఉన్నచోటే పెన్నులూ పుస్తకాలూ అమ్ముకోనివ్వండి, మేమే కొంటాం. సిగరెట్లు మాత్రం అక్కడి నుంచి తీయించండి. విడి సిగరెట్లు ఆపించండి. వేప్‌లు అమ్మేవాళ్ళని పట్టుకోండి. పట్టుబడ్డ పిల్లల్ని బడి నుంచి గెంటేయకుండా ఉత్తర్వు ఇవ్వండి, విద్యాశాఖతో మాట్లాడైనా సరే. జూన్‌లో బడులు తెరిచేలోపు కనీసం ఆ గోడ పక్క సిగరెట్లు తీయించండి. మీ ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ వెళ్తే చాలు, ఆ పని ఒక్క పూటలో అయిపోతుంది. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి తల్లి