కలెక్టర్ గారూ, మంచం పక్కన ఉన్నవాళ్లనూ చూడండి

గౌరవనీయులైన అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

మంచాన పడ్డ పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునే మాలాంటివాళ్లకు కాస్త విశ్రాంతి దొరికేలా చూడమని రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదులు ఉన్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రి పదకొండుకు, ఒంటిగంటకు, మూడింటికి ఫోన్లో అలారం మోగుతుంది. సంగటిని మజ్జిగలో పలచగా కలిపి, ఒక్కో చెంచా పెట్టి, గుటక పడిందాకా ఆమె గొంతు వైపే చూస్తుంటాను. పొరబోతుందేమోనని టెన్షన్. మా ఆయన పని బెంగళూరులో. కిందటేడు మా అమ్మకు ఆపరేషన్ అయితే కదిరికి పోలేకపోయాను. అత్తమ్మ నాకు బరువని చెప్పడం లేదు. ఆమెను బాగా చూసుకోవాలంటే నాకు నిద్ర కావాలి.

ఆమెకు నెలనెలా వచ్చే 15,000 రూపాయల పింఛను మందులకు, డైపర్లకు పెద్ద ఆసరా. రాత్రి లేచే మనిషి మాత్రం దొరకడం లేదు. తల్లిదండ్రులను చూడని పిల్లల మీద ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చెప్తుంది. చూసుకుంటున్నవాళ్ల విశ్రాంతి మాట అందులో లేదు.

జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు 10 పడకల వార్డు ఉండాలి. అందులో రెండు పడకలను ఇలాంటి ఇళ్లకు కేటాయించండి. మూడు నెలలకోసారి ఒక వారం పెద్దవాళ్లను అక్కడ ఉంచుకోనివ్వండి. నర్సుతో మాకు ఇంటి దగ్గరే శిక్షణ ఇప్పించండి. నెలలోగా రాతపూర్వకంగా జవాబు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక కోడలు