సీనియర్ సిటిజన్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, నెలనెలా బీపీ, షుగర్ పరీక్షలు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాలకు తోట ఇచ్చిన సభ్యుడికి, వంట బాధ్యతంతా మీద వేసుకున్న మహిళా విభాగానికి, అద్దె తీసుకోకుండా షామియానా, కుర్చీలు పంపిన సప్లయర్స్ వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది గుండె, మెదడు, వైరల్ న్యుమోనియా మీద జరిపిన సదస్సు. కోవిడ్‌లో మనవాళ్లను పోగొట్టుకున్నవాళ్లం కదా, హాలు నిండిపోయింది. పైసా తీసుకోకుండా వచ్చి, చివరి ప్రశ్న దాకా ఓపిగ్గా కూర్చున్న డాక్టరు గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

రాలేకపోయిన వాళ్ల కోసం కొంత రాస్తున్నాను. వేగస్ నరం మెదడు అడుగు నుంచి మెడ మీదుగా గుండెకు, ఊపిరితిత్తులకు, పొట్టకు దిగుతుంది. దాని పోగుల్లో దాదాపు 80 శాతం కింది నుంచి మెదడుకు కబురు మోసేవే. గుండె వేగాన్ని అదుపు చేసేదీ ఇదే. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (రోగంతో పోరాడేటప్పుడు ఒంట్లో పుట్టే వాపు, మంట) మితిమీరితే ఈ నరం ద్వారా తగ్గించవచ్చని 2000లో అమెరికా న్యూరోసర్జన్ కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల్లో చూపించింది. వైరస్ ముదిరినప్పుడు ఊపిరితిత్తులను పాడుచేసేది చాలావరకు ఆ ఇన్‌ఫ్లమేషనే. అయితే ఈ నరానికి కరెంటు పెట్టే పరికరాలు కోవిడ్‌కు రుజువైన వైద్యం కాదని, ఎవరూ కొనవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టి మెదడుకు చెప్పే చిన్న అవయవాలు మెడలో ధమనుల దగ్గర ఉంటాయి. అయినా కోవిడ్‌లో కొందరికి ఆక్సిజన్ బాగా పడిపోయినా ఆయాసం తెలియలేదు. జ్వరం, దగ్గు ఉంటే ఆయాసం వచ్చేదాకా ఆగకండి. ఆక్సీమీటర్ పెట్టుకోండి, 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు దాదాపు ఆరు రెట్లు ఉంటుందని 2018లో వచ్చిన కెనడా అధ్యయనంలో తేలింది. కాబట్టి ఛాతీ నొప్పిని దగ్గు వల్లే అనుకుని వదిలేయకండి.

బాధతో ఒక మాట చెప్పాలి. ఒంటరిగా ఉంటున్న పెద్దల ఇళ్లకు ఆక్సీమీటర్‌తో వెళ్తామని పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది మళ్లీ కనిపించలేదు, ఫోన్లూ ఎత్తలేదు. ఎండనక వాననక తిరిగింది సంయుక్త కార్యదర్శి గారు, ఆమె మనవరాలు. ఫ్లూ టీకా శిబిరం కోసం పెట్టిన అర్జీ సంబంధిత కార్యాలయంలో ఇంకా కదల్లేదు. సదస్సుకు వస్తానని మాటిచ్చిన అధికారి కబురైనా చేయలేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం. ఆమోదించ ప్రార్థన.

వానాకాలం లోపు టీకా శిబిరం మనమే పెట్టుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. టీకా ఖర్చు ఎవరిది వారిదే. కావలసినవారు ఈ రోజే కోశాధికారి గారి దగ్గర పేరు రాయించుకోండి. వాలంటీర్లుగా పేరిచ్చేవారు వారంలో ఏ రోజు రాగలరో కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి