ఆల్బమ్ పెట్టె మీద అచ్చు వేసిన హామీ గురించి ఫిర్యాదు

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: కార్డుల తయారీ, స్క్రాప్‌బుక్ సామగ్రి పెట్టెలోని లోపాలు, “ఆమ్లరహితం, ఫొటోలకు సురక్షితం” అన్న మీ హామీ నిజం కాకపోవడం.

నమస్కారం.

మీ సంస్థ తయారుచేసి అమ్ముతున్న కార్డుల తయారీ, స్క్రాప్‌బుక్ సామగ్రి పెట్టెను కొన్న వినియోగదారురాలిని నేను. బిల్లు ప్రతిని, పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ సంఖ్య ఫొటోను, కొన్ని నమూనా కాగితాలను ఈ లేఖకు జతచేస్తున్నాను. ఇదే విషయమై నేను ఇంతకు ముందు పంపిన ఫిర్యాదుకు మీ సిబ్బంది ఇచ్చిన జవాబు, చేతిపనిలో ఇలాంటి చిన్న చిన్న తేడాలు సహజమే అన్న ఒక్క వాక్యంతో ముగిసింది. నా చేతిపని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. మీరు పంపిన సరుకు గురించి, దాని మీద మీరు అచ్చు వేసిన మాట గురించి అడుగుతున్నాను కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

నేను గ్రీటింగ్ కార్డులు, ఫొటో ఆల్బమ్‌లు చేతితో చేస్తాను. నాకోసం చేసుకునేవి కొన్నే. ఎక్కువగా అడిగినవారికి చేసి ఇస్తాను. ఆల్బమ్ చేయమని వచ్చేవారు తరచుగా తమ పెద్దల కాలం నాటి ఫొటోలు తెచ్చి నా చేతిలో పెడతారు. వాటిలో చాలావాటికి నెగెటివ్‌లు ఉండవు, మరో ప్రతీ ఉండదు. అందువల్ల ఏ కాగితం, ఏ జిగురు, ఏ కవరు ఆ ఫొటోలకు తగులుతాయన్నది నేను తేలిగ్గా తీసుకోలేను.

మీ పెట్టె మూత మీద “ఆమ్లరహితం, ఫొటోలకు సురక్షితం, తరతరాలు నిలిచే ఆల్బమ్‌ల కోసం” అని పెద్ద అక్షరాలతో ఉంది. కాగితంలో ఆమ్లం ఉంటే అదీ, దానికి తగిలే ఫొటోలూ పాడవుతాయి కాబట్టి, నేను దీన్ని ఎంచుకున్నది ఆ మాట చూసే. తీరా పెట్టె తెరిస్తే, తెల్ల కార్డ్‌స్టాక్‌కు (కార్డులు చేసే మందపాటి కాగితానికి) చుట్టిన పట్టీ మీద తప్ప మరెక్కడా ఆ మాట కనబడలేదు. మీగడ రంగు ఆల్బమ్ కాగితాలు, పువ్వుల అచ్చుతో ఉన్న డిజైన్ కాగితాలు, ముదురు రంగుల కార్డ్‌స్టాక్, ఫొటోలు దోపుకునే ప్లాస్టిక్ కవర్లు, జిగురు సీసా, వీటిలో దేనికీ ఏ వివరమూ లేదు. మూత మీది మాట పెట్టెలోని ప్రతి వస్తువుకూ వర్తిస్తుందని కొనేవారు అనుకుంటారు. అనుకోవాలనే కదా దాన్ని మూత మీద వేశారు.

ఇతరుల ఫొటోలను తాకించే ముందు కొత్త కాగితాన్ని పరీక్షించుకోవడం నా అలవాటు. క్లోరోఫినాల్ రెడ్ అనే రంగు పదార్థం నింపిన పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెన్నుతో కాగితం అంచున చిన్న గీత గీస్తే, కాగితం తటస్థంగానో క్షారగుణంతోనో ఉన్నప్పుడు ఆ గీత ఊదా రంగుకు తిరుగుతుంది. ఆమ్లం ఉంటే పసుపుగా ఉండిపోతుంది. మీ తెల్ల కార్డ్‌స్టాక్ మీద గీత కాసేపటికే చక్కని ఊదాకు తిరిగింది. మీగడ రంగు ఆల్బమ్ కాగితం మీద పసుపుగా పడి పసుపుగానే ఆరిపోయింది. డిజైన్ కాగితాల వెనుక వైపు కూడా అంతే. ఫొటోలు అతికించడానికి మీరే ప్రత్యేకంగా ఇచ్చిన కాగితం ఆమ్లంతో ఉండి, కార్డులు చేసి పంచేయడానికి ఇచ్చిన కాగితం ఆమ్లం లేకుండా ఉండడం విడ్డూరంగా ఉంది.

పెన్ను పరీక్ష ప్రయోగశాల పరీక్షతో సమానం కాదని మీరు అనవచ్చు. నిజమే, అది పైపొర సంగతి మాత్రమే చెబుతుంది, లోపల లిగ్నిన్ (కాగితాన్ని పసుపెక్కించే, చెక్కలోని పదార్థం) ఉందో లేదో చెప్పదు. అందుకే ఒక ఫొటో నకలును ఆ మీగడ కాగితం మీద కార్నర్లతో (ఫొటో మూలలను పట్టి ఉంచే చిన్న త్రికోణపు జేబులతో) అమర్చి, ఆ పుటను వెలుతురు బాగా పడే గదిలో కొన్ని వారాల పాటు తెరిచి ఉంచాను. తర్వాత ఆ ఫొటోను పుట మీంచి తీసి చూస్తే, దాని కింద దాగిన చోటు మాత్రం మొదటి మీగడ రంగులోనే ఉంది, చుట్టూ ఉన్న కాగితమంతా ముదురు పసుపుకు తిరిగింది. కార్నర్ల ఆకారం కూడా మూలల్లో చిన్న త్రికోణాలుగా స్పష్టంగా తెలుస్తోంది. గుజ్జు దశలో లిగ్నిన్ తీసేయని కాగితం వెలుతురు, గాలి తగిలితే ఇలాగే రంగు మారుతుంది. వార్తాపత్రిక అంత తొందరగా పసుపెక్కేది కూడా ఈ కారణం వల్లే. ఆ పుటను యథాతథంగా మీకు పంపుతున్నాను, పరిశీలించగలరు.

ఎక్కువ కాలం నిలవాల్సిన కాగితానికి ఉండవలసిన గుణాలేమిటన్నది మీ వంటి సంస్థకు కొత్త విషయం కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) 1994లో వెలువరించిన ఐఎస్‌ఓ 9706 ప్రమాణం ప్రకారం పత్రాలకు వాడే శాశ్వత కాగితం పీహెచ్ 7.5కూ 10కీ మధ్య ఉండాలి. తర్వాత్తర్వాత పుట్టే ఆమ్లాన్ని విరిచేయడానికి కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ ఉండాలి. లిగ్నిన్ వంటి సులువుగా ఆక్సీకరణం చెందే పదార్థాలు హద్దు దాటకూడదు. ఫొటోలకు తగిలే సామగ్రికి ఐఎస్‌ఓ 18916 అనే పరీక్ష వేరే ఉంది. అందులో కాగితాన్నో జిగురునో సున్నితమైన పరీక్షా పొరల పక్కన పెట్టి, వేడిలో, తేమలో ఉంచి, దాని వల్ల బొమ్మ వెలిసిపోతుందా, మరక పడుతుందా అని కొలుస్తారు. ఆమ్లం లేనంత మాత్రాన ఈ పరీక్షలో నెగ్గుతుందని లేదు, ఎందుకంటే జిగురులోనూ రంగులోనూ ఉండే ఇతర పదార్థాలు కూడా ఫొటోను పాడుచేయగలవు. కనుక “ఫొటోలకు సురక్షితం” అని రాసేవారు ఏ పరీక్ష చేయించారో చెప్పగలిగి ఉండాలి. మీ పెట్టె మీద ఏ ప్రమాణం పేరూ లేదు. నేను సూటిగా అడిగినా మీ జవాబులో ఆ ప్రస్తావన రాలేదు.

రంగు కాగితాల సంగతీ ఇలాగే ఉంది. ముదురు రంగుల మీద పెన్ను గీత కనబడదు కాబట్టి వాటిని మరో విధంగా చూశాను. ఎర్ర కార్డ్‌స్టాక్ మీద తడి దూదిని కాసేపు అదిమి తీస్తే దూదికి గులాబీ రంగు అంటుకుంది. తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ రంగు పక్కనున్న ఫొటోకు అంటదన్న నమ్మకం నాకు లేదు. ప్లాస్టిక్ కవర్లయితే, కట్ట విప్పగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమన్నది. పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ కవర్లకు అలాంటి వాసన ఉండదు. మెత్తదనం కోసం ప్లాస్టిసైజర్లు కలిపిన పీవీసీకి ఉంటుంది. పీవీసీ కాలక్రమంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఫొటో ఉపరితలానికి అతుక్కుపోతుంది. అందుకే ఆల్బమ్ పని తెలిసినవారెవరూ దాన్ని ఫొటోల దగ్గరికి రానివ్వరు. ఇవి ఏ ప్లాస్టిక్‌తో చేసినవో మీరు రాసి ఉంటే నేను వాసన మీద ఆధారపడవలసిన అవసరమే ఉండేది కాదు.

ఇక పెట్టెతో పాటు ఇచ్చిన ఆలోచనల పుస్తకం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు దాన్నే గురువుగా భావించి అక్షరం పొల్లుపోకుండా పాటిస్తారు కాబట్టి, ఇందులోని తప్పులు నాకు మరీ బాధ కలిగించాయి. జ్ఞాపకాల పుట అన్న శీర్షిక కింద, పెళ్ళి ఫొటో పక్కనే అసలు వార్తాపత్రిక ముక్కను, ఎండబెట్టిన పువ్వును నేరుగా జిగురుతో అతికించమని బొమ్మ వేసి మరీ చెప్పారు. పత్రిక కాగితంలోని ఆమ్లం దాన్ని ఆనుకుని ఉన్న కాగితానికీ ఫొటోకూ పాకుతుంది. ఎండిన పువ్వుదీ అదే గుణం. ఆ ముక్కను ఆమ్లరహిత కాగితం మీద నకలు తీసి వాడమనో, పువ్వును పాలియెస్టర్ కవరులో ఉంచి ఫొటోకు దూరంగా అమర్చమనో ఒక్క వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది. ఫొటో వెనుక బాల్‌పెన్నుతో తేదీ రాయమన్న సలహా కూడా ఉంది. ఆ ఒత్తిడికి అక్షరాలు ముందువైపు ఉబ్బుగా తేలతాయి. మెత్తని పెన్సిలుతోనో, పిగ్మెంట్ ఇంకు (కరగని రంగు పొడితో చేసిన ఇంకు) పెన్నుతో పుట మీదో రాయాలన్నది ఆల్బమ్ పనిలో మొదటి పాఠం.

అదే పుస్తకంలో కార్డుల మీద ఉబ్బెత్తు అక్షరాలు వేసే పద్ధతి ఉంది. స్టాంపు అద్ది, ఎంబాసింగ్ పౌడర్ (వేడికి కరిగి ఉబ్బెత్తుగా నిలిచే పొడి) చల్లి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయమన్నారు. పెట్టెలో ఇచ్చిన ఇంకు ప్యాడు త్వరగా ఆరే డై ఇంకుది. పౌడరు చల్లే లోపే స్టాంపు ఆరిపోతుంది కాబట్టి అది అక్షరాలకు అంటదు. ఈ పనికి నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకు గానీ, ఎంబాసింగ్ ఇంకు గానీ కావాలి. హెయిర్ డ్రయ్యరు అయితే పౌడరును కరిగించకముందే ఊదేస్తుంది. గాలి తక్కువగా, వేడి ఎక్కువగా వచ్చే హీట్ గన్ లేనిదే ఇది కుదరదన్న సంగతి, ఒక్కసారి చేసి చూసినవారికి ఎవరికైనా తెలుస్తుంది. ఆ పేజీ రాసినవారు మీ పెట్టెలోని సామగ్రితో ఆ కార్డు చేసి చూశారా అన్న సందేహం నాకు కలిగింది.

కార్డు పాడైతే మరొకటి చేసుకోవచ్చు కాబట్టి కార్డుల సంగతి క్లుప్తంగానే చెబుతాను. ముందే కత్తిరించి, మడత గీత కూడా వేసి ఇచ్చిన 250 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువున్న) రంగు కార్డులు దాదాపు అన్నీ మడత దగ్గర పగిలాయి. గీత ఉబ్బు లోపలికి వచ్చేలా పట్టుకుని, బోన్ ఫోల్డర్‌తో (మడతలు అదిమే మొద్దు అంచు పనిముట్టుతో) నెమ్మదిగా అదిమినా, వెన్ను పొడవునా లోపలి తెల్ల నారలు బయటపడ్డాయి. కాగితం తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా యంత్రం నడిచే దిశలో పరుచుకుంటాయి. మడత ఆ దిశ వెంబడి పడితే నునుపుగా వస్తుంది, అడ్డంగా పడితే విరుగుతుంది. అదే రంగులో విడిగా ఇచ్చిన పెద్ద కాగితాన్ని రెండో దిశలో కోసి మడిచి చూస్తే ఒక్క పగులు రాలేదు. కనుక లోపం కాగితానిది కాదు, మీ కార్ఖానాలో దాన్ని కోసిన దిశది. కార్డులు పెట్టి పంపే కవర్ల విషయానికొస్తే, ఏ6 కార్డు కొలత 105 × 148 మిల్లీమీటర్లు, దానికి సరిపడే సీ6 కవరు 114 × 162 మిల్లీమీటర్లు. మీరిచ్చిన కవర్లు అంతకంటే చిన్నవి. అలంకరణ లేని కార్డు అందులో బిగుతుగా దూరుతుంది, కానీ మీ పుస్తకంలో చూపినట్టు ఫోమ్ టేప్‌తో పొరలు పేర్చిన కార్డు దూరదు.

ఈ కారణాల వల్ల నేను కోరుతున్నవి ఇవి. పెట్టె పూర్తి ధర వాపసు చేయాలి. బదులుగా అదే బ్యాచ్‌లోని మరో పెట్టె పంపితే నేను తీసుకోను. మీగడ కాగితం, డిజైన్ కాగితం, రంగు కార్డ్‌స్టాక్, జిగురు, ప్లాస్టిక్ కవర్లు, వీటిలో ఒక్కొక్కటీ ఏ పదార్థంతో తయారైందో, ఏ పరీక్షకు నిలిచిందో విడివిడిగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పరీక్ష చేయించకపోయి ఉంటే ఆ మాటే రాయండి, అది కూడా నాకు ఉపయోగపడే సమాచారమే. మూత మీది హామీని అది నిజంగా వర్తించే వస్తువులకే పరిమితం చేస్తూ మార్చాలి.

అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని మరొకటి ఉంది. ఈ పెట్టెలు కొన్న ఇతరులు ఈపాటికి తమ ఫొటోలను ఆ మీగడ కాగితాల మీద అతికించి ఉంటారు, ఆ కవర్లలో దోపి ఉంటారు. కార్నర్లతో పెట్టిన ఫొటోను ఇప్పుడే తీసేస్తే దానికి హాని ఉండదు. జిగురుతో అతికించినదాన్ని ఊడదీయడానికి ఎంత ఆలస్యమైతే అంత కష్టం. మీ దగ్గర కొనుగోలుదారుల వివరాలు ఉంటాయి కాబట్టి, ఫొటోలను ఆ కాగితాల నుంచి, కవర్ల నుంచి వేరు చేయమని వారికి వెంటనే తెలియజేయండి. ఈ ఒక్క విషయంలో ప్రయోగశాల ఫలితాలు వచ్చేదాకా ఆగడం నాకు సమంజసంగా తోచడం లేదు.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల లోపు, విషయం తెలిసిన బాధ్యులైన అధికారి సంతకంతో జవాబు ఆశిస్తున్నాను. జతచేసిన నమూనాల వెనుక పెన్సిలుతో వివరాలు రాశాను. పరీక్ష గీతలు అంచుల్లోనే ఉన్నాయి కనుక మిగతా భాగాన్ని మీ ప్రయోగశాల వాడుకోవచ్చు. ఇంకా కావాలంటే వాడకుండా ఉంచిన కాగితాలు, కవర్లు నా దగ్గర కట్టతో సహా ఉన్నాయి. రవాణా ఖర్చు మీరు భరిస్తే పంపగలను.

ఇట్లు,
భవదీయురాలు,
మీ వినియోగదారురాలు

జతపరచినవి: బిల్లు ప్రతి, బ్యాచ్ సంఖ్య ఫొటో, రంగు మారిన ఆల్బమ్ పుట, పెన్ను గీతలున్న కాగితపు ముక్కలు, మడత పగిలిన కార్డు, ఒక ప్లాస్టిక్ కవరు.