ఉమ్మడి గిట్ రిపో: ఈ ఏటి పని మీద సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెలవారీ తరగతులు ఎప్పటిలాగే నడిచాయి. ఈ ఏడు ఎక్కువ శ్రమ చెరువుల మ్యాపుల రిపోను (గిట్ అనే సాఫ్ట్‌వేర్ మార్పుల చరిత్రతో సహా ఫైళ్లను దాచే చోటు) సర్దడానికే పట్టింది.

ముందు బ్రాంచీల (ఒక్కో పని విడిగా సాగే పాయల) పేర్లు మార్చాం. ‘కొత్త-జడ్చర్ల’, ‘దేవరకొండ-మార్పులు’ అని ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటే ఏ ప్యాటర్నుకూ (ఒకే రకం పేర్లన్నిటినీ పట్టే నమూనాకు) అందవు. ఇప్పుడు జిల్లా ముందు, ఊరు తర్వాత: నల్గొండ/దేవరకొండ, పాలమూరు/జడ్చర్ల. ‘నల్గొండ’ అని ఒట్టి పేరుతో బ్రాంచ్ ఉంటే మాత్రం నల్గొండ/దేవరకొండ పుట్టదు. సర్వర్లో తీసేసినా మీ దగ్గర దాని పాత గుర్తు మిగిలి ఫెచ్ (సర్వర్ నుంచి మార్పులు దించుకోవడం) ఆగిపోతుంది. అలాంటి పాత గుర్తుల్ని తీసేసే గిట్ ఫెచ్ --ప్రూన్ ఒకసారి కొట్టండి.

నల్గొండ బ్రాంచీలే కావాలనుకునేవాళ్లు గిట్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ఉన్న ఫెచ్ లైను తీసేసి ఇది పెట్టాలి (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే):

+రెఫ్స్/హెడ్స్/నల్గొండ/*:రెఫ్స్/రిమోట్స్/ఆరిజిన్/నల్గొండ/*

కోలన్‌కు ఎడమ సర్వర్లో బ్రాంచ్ పేరు, కుడి మన దగ్గరి పేరు. రెండు వైపులా ఒక్కొక్క స్టారే (*, అంటే అక్కడ ఏ పేరైనా సరే). ఒకవైపు మరిచిపోతే గిట్ ఒప్పుకోదు.

చిత్తు బ్రాంచీలు వద్దంటే దాని కింద ఇంకో ఫెచ్ లైను: ^రెఫ్స్/హెడ్స్/నల్గొండ/చిత్తు/*. దీనికి ప్లస్ ఉండదు, కోలన్ ఉండదు. లైన్ల వరుస ఎటున్నా ఫలితం ఒకటే. ఇది 2020లో వచ్చిన గిట్ 2.29 నుంచే పనిచేస్తుంది. ఉబుంటు 20.04 ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చేది 2.25, అందుకే కొందరికి ఎర్రర్ వచ్చింది. ముందే దిగిన చిత్తు బ్రాంచీలు మామూలు ఫెచ్‌తో పోవు. గిట్ బ్రాంచ్ -ఆర్ -డి తో మీరే తీసేయాలి.

తరగతుల్లో అందరినీ తిప్పలు పెట్టింది స్టారే. ఫెచ్ లైన్లో, బ్రాంచీల జాబితా చూపే బ్రాంచ్ --లిస్ట్‌లో అది స్లాష్ (/) దాటుతుంది, జాబితా చూపే ఇంకో ఆదేశం ఫర్-ఈచ్-రెఫ్‌లో దాటదు. అక్కడ రెఫ్స్/హెడ్స్/* అంటే దేవరకొండ కనపడదు. స్టార్ లేకుండా రెఫ్స్/హెడ్స్/నల్గొండ అని రాస్తే కింద ఉన్నవన్నీ వస్తాయి. సర్వర్లోని బ్రాంచీల్ని చూపే ఎల్ఎస్-రిమోట్ పేరును తోక నుంచి పోలుస్తుంది కాబట్టి ‘దేవరకొండ’ అంటే చిత్తు/దేవరకొండ కూడా పడుతుంది. టెర్మినల్లో ప్యాటర్నును కోట్స్‌లో పెట్టండి, లేకుంటే షెల్ (టెర్మినల్లో మన ఆదేశాల్ని చదివే ప్రోగ్రాం) మధ్యలో దూరి స్టార్‌ను ఫైల్ పేర్లుగా మార్చేయొచ్చు.

సర్వర్ వైపే బ్రాంచీల్ని దాచే హైడ్‌రెఫ్స్ పెట్టమని కొందరు అడిగారు. పెట్టలేదు, అది రిపో మొత్తానికి వర్తించే సెట్టింగు. పాలమూరు వాళ్లకు అక్కర్లేదని దాచితే నల్గొండ వాళ్లకూ కనపడదు.

పాత గిట్ ఉన్నవాళ్లు వచ్చే తరగతికి ల్యాప్‌టాప్ తెస్తే అక్కడే అప్‌గ్రేడ్ చేస్తాం.