ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగనివ్వండి

సంపాదకుడు గారికి,

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ప్రశ్న అడగ్గానే ముందు బెంచీలో రెండు చేతులు లేస్తాయి. వాళ్లతో చెప్పించేసి ముందుకు పోతే సిలబస్ టైముకి అయిపోతుంది. అప్పటికి వెనక కూర్చున్న అమ్మాయి పెదాలు కదుపుతూ, నోటు పుస్తకం అంచున ఏదో గీసుకుంటూ ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది. తను తల ఎత్తేసరికి జవాబు బోర్డు మీద ఉంటుంది.

అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే ఈ సంగతి గమనించారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లలు ఎక్కువసేపు, కారణాలతో సహా మాట్లాడారు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ జవాబిచ్చారు. పైసా ఖర్చు లేని మార్పు!

మరి ఎందుకు ఆగలేకపోతున్నాం? ఏ పాఠం ఏ తేదీకి పూర్తవ్వాలో పై నుంచి వస్తుంది. తనిఖీలో రికార్డులు చూస్తారు, పిల్లలు ఆలోచిస్తున్నారా అన్నది ఎవరూ చూడరు. మార్కులే బడికి కొలమానం అయ్యాక టీచర్ టెన్షన్ నేరుగా పిల్లల మీదకే దిగుతుంది. ఇది నాకు చాలా బాధగా ఉంది. సిలబస్ బరువు తగ్గించకుండా మాకు ఎన్ని శిక్షణలు ఇచ్చినా లాభం లేదు.

విధానాలు రాసేవారికి నా విన్నపం ఒక్కటే. పాఠాలు తగ్గించండి, ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లు కావాలో క్లాసులో నిలబడేవాళ్లని అడిగి నిర్ణయించండి.

ఇట్లు,
ఒక హైస్కూల్ ఉపాధ్యాయిని