అందరికీ ఒకే అప్రైజల్ మాట పనిచేయదు

సంపాదకులకు,

నమస్కారం. అప్రైజల్ (ఉద్యోగుల పనితీరు సమీక్ష) రోజులు రాగానే మేనేజర్లకు చెప్పే సలహా దాదాపు ఒకటే. ముందు ఒక మెచ్చుకోలు, మధ్యలో ఒక లోపం, చివర మళ్ళీ ఒక మెచ్చుకోలు. ఎదుట కూర్చున్నది ఎవరైనా ఇదే వరస. చివాట్లు పెట్టడం కన్నా ఇది నయమే. కానీ మెచ్చుకోలుతో ఊపు తెచ్చుకునే మనిషికి ఇందులో అది చాలీచాలకుండా అందుతుంది. లోపం ఎక్కడో కచ్చితంగా తెలిస్తేనే కదిలే మనిషికేమో అసలు సంగతి రెండు పొగడ్తల మధ్య నలిగిపోతుంది.

ఫీడ్‌బ్యాక్ ఎలా ఇచ్చినా ఎంతో కొంత మేలే జరుగుతుందన్న నమ్మకం కూడా నిజం కాదు. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాల నుంచి 607 ఫలితాలు తీసి, కలిపి లెక్కగట్టి 1996లో ప్రచురించారు. సగటున ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు పెరిగింది. అయితే మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో తగ్గింది. దృష్టి పని మీంచి తప్పుకుని ‘నేనెలాంటివాణ్ణి’ అన్న ప్రశ్న మీదకు మళ్ళినకొద్దీ ఫీడ్‌బ్యాక్ సత్తువ తగ్గుతుందని వాళ్ళు వివరించారు.

ఎవరికి ఏ తీరు నప్పుతుందో తెలుసుకోవడానికి కొలంబియా యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త టోరీ హిగ్గిన్స్ 1997లో వివరంగా చెప్పిన విభజన ఇప్పటికీ అక్కరకొస్తుంది. కొందరిని నడిపేది ఎదుగుదల: ఏం సాధించవచ్చు, ఇంకేం దొరుకుతుంది అన్న ఆశ. కొందరిని నడిపేది బాధ్యత: ఏం చెడిపోకూడదు, ఎక్కడ మాట రాకూడదు అన్న జాగ్రత్త. ఎదుగుదల కోరేవారిలో మెచ్చుకోలు పట్టుదలను పెంచుతుందని, జాగ్రత్త మనుషుల్లో లోపం చూపడమే పట్టుదలను పెంచుతుందని వాన్ డైక్, క్లూగర్ 2004లో చూపించారు. జాగ్రత్తపరుడికి ‘అద్భుతం’ అని చెబితే గండం గడిచిందనుకుని పట్టు సడలిస్తాడు. ఆశతో పరిగెత్తేవారికి లోపాల జాబితా చేతిలో పెడితే ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టే.

గుర్తుపట్టడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. గడచిన మూడు నెలల్లో తృప్తినిచ్చిన పని ఏదో చెప్పమని అడిగి, వాడే మాటలు వినాలి. ‘కొత్తగా చేశాం, అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది’ అంటే ఒక తీరు. ‘ఒక్క తప్పూ దొర్లలేదు, గడువు దాటలేదు’ అంటే రెండోది. పని గట్టెక్కాక ఒకరు సంబరపడతారు, మరొకరు ‘అమ్మయ్య’ అంటారు. ఈ ‘అమ్మయ్య’ చాలా నమ్మదగిన గుర్తు. పని చెడినప్పుడు మొదటివారు డీలా పడతారు, రెండోవారు కంగారు పడతారు. ఒక్క సంఘటన చూసి తేల్చకూడదు. కనీసం మూడు నాలుగు పనుల్లో గమనించి రాసుకోవాలి.

ఒక ఉదాహరణ. 40 పేజీల నివేదికలో 7, 12, 19 పేజీల్లోని పట్టికల మొత్తాలు కలవలేదు. జాగ్రత్తపరుడితో ఇలా అనవచ్చు: ‘ఈ మూడు పేజీల్లో మొత్తాలు తేడాగా ఉన్నాయి. ఇలాగే వెళితే సమావేశంలో మిగతా అంకెలనూ నమ్మరు. పంపేముందు ఈ మూడూ మూలపత్రాలతో సరిచూడండి.’ ఎదుగుదల కోరేవారితోనైతే ఇలా: ‘మీ విశ్లేషణ భాగం బలంగా ఉంది, ముఖ్యంగా నాలుగో అధ్యాయం. 7, 12, 19 పేజీల మొత్తాలు కలిపేస్తే సమావేశంలో దీన్ని మీరే వినిపించవచ్చు.’ పేజీలు అవే, తప్పూ అదే. మారింది చెప్పే తీరు: ఒకరికి దిద్దకపోతే ఏం చెడుతుందో, మరొకరికి దిద్దితే ఏం దక్కుతుందో. ఉత్సాహం పోతుందని పేజీ సంఖ్యలు దాచిపెట్టిన మేనేజర్ ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

ఎక్కువగా బెడిసికొట్టేది ఎక్కడంటే, మేనేజర్ తన తీరునే అందరి మీదా రుద్దడం దగ్గర. తనకు ఏ మాట ఊపునిస్తుందో అదే అందరికీ వాడతాడు. అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. జాగ్రత్తపరులకు విమర్శ పనిచేస్తుందని వినగానే దాన్ని తిట్టడానికి అనుమతి అనుకోవడం. పనిచేసేది ఫలానా చోట ఇంత తేడా ఉందన్న సమాచారం. ‘మీకెప్పుడూ ఇంతే’ అన్న మాటలో ఆ సమాచారం లేదు, మనిషి మీద తీర్పు మాత్రమే ఉంది. అది ఏ ధోరణివారినైనా దెబ్బతీస్తుంది.

పని స్వభావాన్ని కూడా చూడాలి. తప్పులు పట్టే పని, భద్రతా తనిఖీ లాంటివి ఎవరినైనా జాగ్రత్త వైపు లాగుతాయి. కొత్త ఆలోచనలు పుట్టించే పని ఎదుగుదల వైపు లాగుతుంది. అందుకే ఫైలులో మనిషి పేరు పక్కన ‘జాగ్రత్త రకం’ అని శాశ్వతంగా ముద్ర వేయకూడదు. అనుభవాన్ని బట్టి కూడా అవసరం మారుతుంది. కొత్తగా నేర్చుకునేవారు తాము చేసినదాంట్లో బాగున్నదేమిటో వెతుకుతారు, చేయి తిరిగినవారు లోపం ఎక్కడుందో అడుగుతారు. ఫింకెల్‌స్టీన్, ఫిష్‌బాక్ 2012లో చూపినది ఇదే.

చెప్పాక రెండు వారాలు ఆగి, అదే రకం పనిని మళ్ళీ చూడాలి. సమీక్ష గదిలో తల ఊపారా, నవ్వారా అన్నది కొలత కాదు. మొత్తాలు కలిశాయా, గడువు నిలిచిందా, కొత్త ప్రయత్నం కనిపించిందా అన్నదే కొలత. మార్పు లేకపోతే గొంతు పెంచకుండా చెప్పే తీరు మార్చి చూడాలి.

అప్రైజల్ ఫారాలు తయారుచేసేవారికి ఒక విన్నపం. ‘బలాలు’, ‘బలహీనతలు’ అన్న గళ్ళు తీసేసి ఏ పని, అందులో ఏ చోట, తర్వాతిసారి ఏం మారాలి అన్న మూడు గళ్ళు పెట్టండి. రేటింగు, జీతం పెంపు సంగతి వేరే కాగితం మీద, వేరే రోజు మాట్లాడేలా చూడండి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జరిగిన అధ్యయనం ఆధారంగా 1965లోనే పరిశోధకులు ఈ రెంటినీ విడదీయమన్నారు. జీతం మాట వినబడ్డాక 7వ పేజీ గురించి చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు.

ఇట్లు,
సిబ్బంది శిక్షణ వృత్తిలో ఉన్న ఒక పాఠకురాలు